ఒంగోలు ఎండల్లో నార్త్‌బ్రిడ్జ్‌కు ఏ కూలర్ నిలిచింది: నాలుగు పద్ధతులు వాడి చూసిన అనుభవం

మా ఇల్లు ఒంగోలులో కర్నూలు రోడ్డుకు దగ్గర. చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెలు మోసుకొచ్చే లారీలు ఈ దారినే పోతాయి కాబట్టి, కిటికీలు మూసి ఉంచినా సాయంత్రానికి బల్ల మీద సన్నని తెల్లటి పొడి పేరుకుంటుంది. ఈ పొడి గురించి, మే నెల వేడి గురించి మొదటే చెప్పడానికి కారణం ఉంది. చిప్‌సెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌ను మిగతా భాగాలకు కలిపే చిప్‌లు; పాత బోర్డులలో వాటిలో ప్రాసెసర్‌కు దగ్గరగా ఉండేది నార్త్‌బ్రిడ్జ్. చిప్‌సెట్ కూలర్ల గురించి నేను చదివిన సమీక్షల్లో చాలావరకు ఇరవై, ఇరవై రెండు డిగ్రీల గదిలో, బల్ల మీద పరచిన బోర్డుతో, చుట్టూ గాలి ధారాళంగా ఆడుతుండగా చేసిన పరీక్షలే. అక్కడ మొదటి స్థానంలో నిలిచిన రకం మా ఇంట్లో నిలవలేదు. అందుకే కొన్నవి కొన్నట్టుగా, కొలిచినవి కొలిచినట్టుగా ఇక్కడ రాస్తున్నాను.

పరీక్షకు వాడినది నా పాత సిస్టమ్: ఇంటెల్ పీ35 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, కోర్ 2 క్వాడ్ క్యూ6600 ప్రాసెసర్, డీడీఆర్2-800 ర్యామ్. ఇంత పాత యంత్రాన్ని ఎందుకు అట్టిపెట్టుకున్నానంటే, మా నాన్నగారు నడిపిన ఫోటో స్టూడియో నెగటివ్‌లు కొన్ని వేలు ఇంట్లో ఉన్నాయి, వాటిని చదివే ఫిల్మ్ స్కానర్‌కు విండోస్ ఎక్స్‌పీ డ్రైవర్ తప్ప మరొకటి లేదు. ఒక్కొక్క నెగటివ్‌ను స్కాన్ చేసి, గీతలు, మచ్చలు తొలగించే పని ప్రాసెసర్ మీద చాలా భారం వేస్తుంది. అందుకే ఓవర్‌క్లాక్ చేశాను, అంటే ప్రాసెసర్‌ను దాని మామూలు వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపాను. ఈ ప్రాసెసర్ మామూలుగా 266 మెగాహెర్ట్జ్ బస్‌ను (ప్రాసెసర్‌ను నార్త్‌బ్రిడ్జ్‌కు కలిపే దారి వేగాన్ని) తొమ్మిదితో హెచ్చించి 2.4 గిగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. బస్‌ను 400కు పెంచితే 3.6 గిగాహెర్ట్జ్ అవుతుంది. ర్యామ్‌ను ఒకటికి ఒకటి నిష్పత్తిలో పెట్టుకుంటే అది తన మామూలు వేగమైన 800 దగ్గరే ఉంటుంది కాబట్టి దాని మీద అదనపు ఒత్తిడి ఏమీ పడదు.

ఒత్తిడి పడేది నార్త్‌బ్రిడ్జ్ మీద. ఆ తరం ఇంటెల్ బోర్డులలో ర్యామ్‌ను నడిపే కంట్రోలర్ ప్రాసెసర్‌లో కాక నార్త్‌బ్రిడ్జ్ చిప్‌లో ఉండేది. ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య నడిచే ప్రతి బైటూ దాని గుండానే పోవాలి, బస్ వేగం పెంచితే దాని వేగమూ పెరుగుతుంది. పీ35కు మామూలు వోల్టేజి 1.25. నా బోర్డు 400 బస్ దగ్గర నిలకడగా నడవడానికి దాన్ని 1.45 చేయవలసి వచ్చింది. చిప్‌లో పుట్టే వేడి స్థూలంగా వేగంతో పాటూ, వోల్టేజి వర్గంతో పాటూ పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు, వోల్టేజి వర్గం సుమారు 1.35 రెట్లు; రెండూ హెచ్చిస్తే దాదాపు రెండు రెట్లు. అంటే కంపెనీ బిగించి పంపిన చిన్న అల్యూమినియం హీట్‌సింక్ (చిప్ వేడిని గాలిలోకి వదిలే రేకుల దిమ్మె) తాను మోయడానికి తయారైన వేడికి రెట్టింపు వేడిని మోస్తోందన్నమాట.

దీనికి తోడు ఓవర్‌క్లాక్ చేసే వాళ్ళందరం తెలియకుండా చేసే పొరపాటు ఒకటి ఉంది. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే ఇంటెల్ ఫ్యాన్ గాలిని కిందికి, బోర్డు వైపుకు ఊదుతుంది. ఆ గాలి నలువైపులా పాకి నార్త్‌బ్రిడ్జ్‌నూ, పక్కనున్న కెపాసిటర్లనూ తడుముతూ పోతుంది. ఓవర్‌క్లాక్ కోసమని మనం దాన్ని తీసేసి నిలువు టవర్ కూలర్ బిగిస్తాం. అది గాలిని బోర్డుకు సమాంతరంగా, పైపైన వెనక్కి తోసేస్తుంది. ప్రాసెసర్ చల్లబడుతుంది, సరిగ్గా అదే సమయంలో రెట్టింపు వేడెక్కుతున్న నార్త్‌బ్రిడ్జ్‌కు అప్పటిదాకా అందుతున్న కాస్త గాలి కూడా ఆగిపోతుంది. నా సిస్టమ్‌లో జరిగింది ఇదే.

మొదట నాకు ఇది అర్థం కాలేదు. స్కానింగ్ మొదలుపెట్టిన నలభై నిమిషాలకు తెర బిగుసుకుపోయేది, మౌస్ కదిలేది కాదు. ఊళ్ళో ఒక సర్వీసు షాపుకు తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు క్యాబినెట్ మూత తీసి, నార్త్‌బ్రిడ్జ్ హీట్‌సింక్ మీద వేలు పెట్టి, “ముట్టుకుని చూడండి సార్, చల్లగానే ఉంది. చిప్‌ది ఏం ప్రాబ్లం లేదు, ర్యామ్ పోయుంటుంది” అన్నాడు. ముట్టుకుంటే గోరువెచ్చగానే ఉంది. ర్యామ్ మార్చాను, డబ్బు పోయింది, సిస్టమ్ మాత్రం మళ్ళీ నలభై నిమిషాలకే ఆగిపోయింది. ఇంటికి తెచ్చి హీట్‌సింక్ ఊడదీశాక సంగతి బయటపడింది. చిప్ మీద గోరంత నల్లటి అద్దం పలకలాంటి సిలికాన్ ముక్క ఉంటుంది. వేడి హీట్‌సింక్‌కు అందడానికి దాని మీద రాసే పేస్టు ఎండి, బెల్లు ఊడిన సున్నంలా పెచ్చులు పెచ్చులుగా ఉంది. హీట్‌సింక్‌ను బోర్డుకు పట్టి ఉంచే ప్లాస్టిక్ పుష్ పిన్నుల్లో ఒకటి సగమే దిగడంతో హీట్‌సింక్ ఒక మూలన మాత్రమే ఆని, మిగతా మూడు మూలలా గాలి ఖాళీ మిగిలింది. సిస్టమ్ ఆన్ చేసి, పని భారం ఇంకా పూర్తిగా పడని సమయంలో, చిప్ వేడి హీట్‌సింక్‌లోకి ఎక్కకముందే ఆ కుర్రాడు ముట్టుకున్నాడు. హీట్‌సింక్ చల్లగా ఉండటం ఒక్కొక్కసారి మంచి గుర్తు కాదు, చిప్ నుంచి వేడి దానిలోకి రావడం లేదనడానికి గుర్తు. ఈ మాట ఇంత వివరంగా రాయడానికి కారణం, చేతి వేలితో చిప్‌సెట్‌ను పరీక్షించే అలవాటు మన షాపుల్లో ఇంకా గట్టిగా ఉంది.

కొలిచిన పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే అంకెలన్నీ తప్పుతాయి. కరోనా సమయంలో కొన్న నుదుటి థర్మామీటర్ మనుషుల జ్వరానికే పరిమితం, ఈ పనికి రాదు. పరిశ్రమల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ కూడా మెరిసే లోహం మీద గురిపెడితే అసలు కంటే చాలా తక్కువ చూపుతుంది, నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గురిపెడితేనే నమ్మదగిన అంకె వస్తుంది. నేను చివరకు మల్టీమీటర్‌తో వచ్చే కే-టైప్ థర్మోకపుల్ తీగ కొసను సిలికాన్ ముక్క పక్కనే, దాని అడుగున ఉండే చిప్ ఆకుపచ్చ పలక మీద, వేడికి ఊడని కాప్టన్ టేపుతో అంటించాను. అది సిలికాన్ లోపలి ఉష్ణోగ్రత కాదు, కానీ ఒక కూలర్‌కూ మరొక కూలర్‌కూ తేడా చూడటానికి సరిపోతుంది. ప్రతి పరీక్షా క్యాబినెట్ మూసి, ఏసీ లేకుండా, గది 36 డిగ్రీలున్న సాయంత్రాల్లో, ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ పూర్తి పని పెట్టే ప్రైమ్95 బ్లెండ్ పరీక్షను గంటసేపు నడిపి చేశాను.

కదపకముందు, ఎండిన పేస్టుతో, మామూలు వేగం దగ్గర 61 డిగ్రీలు. గదికీ దానికీ తేడా 25. వేడి రెట్టింపయితే తేడా 50 కావాలి, అంటే 86 రావాలని లెక్క వేసుకున్నాను. 400 బస్ దగ్గర 87 చూపించి, కొద్దిసేపటికి సిస్టమ్ ఆగిపోయింది. ఈ లెక్కలో మన ప్రాంతం వారు గమనించవలసింది ఒకటుంది. కూలర్ తగ్గించేది గదికీ చిప్‌కూ మధ్య తేడాను మాత్రమే, గది వేడిని అది తగ్గించలేదు. 22 డిగ్రీల గదిలో ఇదే ఎండిన పేస్టుతో, ఇదే 400 బస్‌తో 73 దగ్గర హాయిగా నడిచిపోయేది. రోహిణి కార్తెలో మా గది 38, 39కి పోతుంది.

ముందుగా కొత్త కూలర్ ఏదీ కొనకుండా పేస్టు మార్చి చూశాను. బోర్డు వెనక నుంచి పుష్ పిన్ను కొసలను నోస్‌ప్లయర్‌తో దగ్గరకు నొక్కి వదిలాక, హీట్‌సింక్‌ను పైకి లాగకుండా హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చబెట్టి, అటూ ఇటూ తిప్పుతూ విడదీయాలి. బలంగా లాగితే చిప్ బోర్డు నుంచి ఊడివచ్చే ప్రమాదం ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆర్కిటిక్ ఎంఎక్స్-4 పేస్టు పెసరగింజంత పెట్టాను. దీనిలో లోహం ఉండదు కనుక పక్కకు కారినా షార్ట్ కాదు, ఇంట్లో మొదటిసారి చేసేవారికి అది పెద్ద ధైర్యం. ఒకసారి బిగించి, మళ్ళీ తీసి, పేస్టు అచ్చు సిలికాన్ ముక్క మొత్తం మీద సమానంగా పడిందో లేదో చూసుకుని, ఆ తరువాతే చివరిసారి బిగించాను. నాలుగు మూలలకూ ఆనకుండా ఒకవైపు వాలిందంటే, గట్టిగా నొక్కినప్పుడు సిలికాన్ అంచు చిట్లుతుంది, అందుకే పిన్నులను ఐమూలగా కొంచెం కొంచెంగా దించాలి. అయిదారు వందల రూపాయల ట్యూబుతో 87 కాస్తా 76 అయింది. ఒక్క పేస్టుకే పదకొండు డిగ్రీలు తగ్గడం నేను ఊహించలేదు.

రెండవది జాల్‌మన్ జడ్‌ఎం-ఎన్‌బీ47జే. నీలిరంగు అల్యూమినియం, ఫ్యాన్ లేని రకం, అయిదు సెంటీమీటర్లకు కాస్త తక్కువ ఎత్తు. కొత్తది ఇప్పుడు దొరకడం కష్టం. నెల్లూరు, ఒంగోలు వాళ్ళందరికీ ఎలక్ట్రానిక్ సామాను అంటే గుర్తుకొచ్చే చెన్నై రిచీ స్ట్రీట్‌లో, పినాకినిలో వెళ్ళిన రోజున పాత సామాను అంగట్లో దొరికింది. దీని చేతులు జరుపుకోవడానికి వీలుగా ఉంటాయి కనుక రంధ్రాల మధ్య దూరం వేరైన బోర్డులకు కూడా సరిపోతుంది, ఆ పనితనం నాకు నచ్చింది. శబ్దం లేదు, చెడిపోయే భాగం లేదు. అయితే మూసిన క్యాబినెట్‌లో అది 70 దగ్గర ఆగింది. పక్క మూత తీసి బల్ల ఫ్యాన్ పెడితే 57కు పడిపోయింది. అంటే లోపం లోహంలో లేదు, లోహం చుట్టూ గాలి కదలకపోవడంలో ఉంది. కదలని గాలిలో పెద్ద హీట్‌సింక్ కూడా తన చుట్టూ తానే వేడిగాలి దుప్పటి కప్పుకుంటుంది. క్యాబినెట్‌లో ముందు నుంచి వెనక్కి గాలి చక్కగా పారే ఏర్పాటు ఉన్నవారికి ఇది మంచి ఎంపికే. లేనివారికి కాదు.

మూడవది పూర్తి రాగి హీట్‌సింక్, దాని మీదే బిగించి వచ్చిన నలభై మిల్లీమీటర్ల ఫ్యాన్. ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను, ఎందుకంటే నాకు దొరికిన ఒక్కదానితో ఆ కంపెనీని తూచడం న్యాయం కాదు. రాగి అల్యూమినియం కంటే వేడిని దాదాపు రెట్టింపు బాగా పట్టుకుపోతుందన్నది నిజం, 55 డిగ్రీలు చూసిన మొదటి సాయంత్రం నేను చాలా సంతోషించాను. కానీ రాగి అల్యూమినియానికి మూడు రెట్లకు పైగా బరువు. నిలబెట్టిన క్యాబినెట్‌లో ఆ బరువంతా ప్లాస్టిక్ పిన్నుల మీద పక్కకు వేలాడుతుంది, నెల రోజులకు పై అంచు వెంట్రుకవాసి ఎడం కావడం టార్చిలైటు వేసి చూస్తే కనిపించింది. స్ప్రింగు ఉన్న స్క్రూలతో, వెనక నట్టుతో బిగించే వీలుంటే తప్ప రాగి జోలికి పోవద్దని నా అభిప్రాయం. ఇంకా బాధ కలిగించింది దాని ఫ్యాన్. మొదటి రోజు నుంచే దోమ చెవిలో పాడినట్టు సన్నటి కూత, రెండో నెలలో గ్రానైట్ పొడి బేరింగులోకి దిగి గరగర శబ్దం, మూడో నెలలో పూర్తిగా ఆగిపోయింది. చిన్న ఫ్యాన్ ఆగిపోతే సాధారణంగా ఏ హెచ్చరికా రాదు, దాని కింద దగ్గర దగ్గరగా కూర్చిన రాగి రేకుల మధ్య గాలి ఆడక ఫ్యాన్ లేని రకం కంటే హీనంగా తయారవుతుంది.

చివరకు నేను స్థిరపడినది వీటిలో ఏదీ కాదు. బోర్డుతో వచ్చిన చిన్న అల్యూమినియం హీట్‌సింక్‌నే కొత్త పేస్టుతో ఉంచి, దాని మీద నాక్చువా ఎన్‌ఎఫ్-ఏ4x10 ఫ్యాన్ బిగించాను. నలభై మిల్లీమీటర్ల చదరం, పది మిల్లీమీటర్ల మందం. నిమిషానికి 4500 చుట్లు తిరుగుతుంది, వెంట వచ్చే వేగం తగ్గించే తీగ తగిలిస్తే 3700. హీట్‌సింక్ రేకుల సందుల్లోకి సన్నని స్క్రూలు తిప్పితే అవే మర చేసుకుని దిగుతాయి; స్క్రూలు సరిపడని చోట నైలాన్ ట్యాగులు చాలు. గాలి కిందికి, హీట్‌సింక్ మీదికి ఊదేటట్టు పెట్టాలి. అప్పుడు అది అంచుల నుంచి బయటికి చెదిరి పక్కనున్న కెపాసిటర్లకు కూడా తగులుతుంది, ఇంతకుముందు చెప్పిన పాత ఇంటెల్ ఫ్యాన్ చేసిన మేలు తిరిగి దొరుకుతుంది. విద్యుత్తు ఒక వాట్ కూడా తీసుకోదు కనుక బోర్డు మీది ఫ్యాన్ పిన్నులకే నిర్భయంగా తగిలించవచ్చు. తగ్గించిన వేగంతో 58 డిగ్రీలు, పూర్తి వేగంతో 55. రాగి కూలర్‌తో వచ్చిన అంకె ఇదే, బరువు లేదు, కూత లేదు. రాత్రి పూట సీలింగ్ ఫ్యాన్ ఆపేసినా దీని శబ్దం నా చెవికి పట్టలేదు. నలభై మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు దాదాపు పదిహేను వందల రూపాయలు పెట్టడం మొదట నాకూ కష్టంగానే తోచింది. కంపెనీ ఆరేళ్ళ వారంటీ ఇస్తుంది. రెండు వేసవులు ఇదే పొడిలో తిరిగాక కూడా బేరింగు మెత్తగా ఉంది, అందుకని ఆ డబ్బు గురించి నాకు విచారం లేదు.

కొనే ముందు స్కేలు పెట్టి కొలుచుకోవలసింది ఎత్తు. నార్త్‌బ్రిడ్జ్‌కు ఒక పక్క టవర్ కూలర్, మరొక పక్క గ్రాఫిక్స్ కార్డు ఉంటాయి. కార్డు వెనుక అంచుకూ ఫ్యాన్ పైభాగానికీ మధ్య కనీసం ఒక సెంటీమీటరు వదలకపోతే ఫ్యాన్‌కు పీల్చుకోవడానికి గాలి అందదు. జాల్‌మన్ నా టవర్ కూలర్ రేకులకు దాదాపు ఒరుసుకుంటూ నిలబడింది. ఇక చిప్‌సెట్‌కు వాటర్ బ్లాక్ సంగతి: మొత్తం సిస్టమ్‌కు నీటి ఏర్పాటు ముందే ఉంటే తప్ప దాని కోసమే పెట్టడం వృథా.

ఇప్పటి బోర్డులు కొన్నవారికి ఇందులో చాలా భాగం వర్తించదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. ర్యామ్ కంట్రోలర్‌ను ఏఎండీ 2003లో అథ్లాన్ 64తోనూ, ఇంటెల్ 2008లో మొదటి కోర్ ఐ7తోనూ ప్రాసెసర్‌లోకి తీసుకుపోయాయి. 2011 నుంచి ఇంటెల్‌లో ఓవర్‌క్లాక్ అంటే చాలావరకు పేరులో కే అక్షరం ఉన్న ప్రాసెసర్ మల్టిప్లయర్ (పైన చెప్పిన తొమ్మిది లాంటి హెచ్చించే అంకె) పెంచడమే, దానివల్ల చిప్‌సెట్‌కు పెద్దగా వేడి పెరగదు. అలాంటి బోర్డు మీద డబ్బు పెట్టవలసింది ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్‌ఎం భాగానికి గాలి అందించడం మీద. చిప్‌సెట్ కూలర్ అమ్మజూపే దుకాణదారుడిని, ముందు ఆ బోర్డుకు అది అసలు అవసరమా అని అడగండి.

దీనికి మినహాయింపు 2019లో వచ్చిన ఏఎండీ ఎక్స్570. పీసీఐఈ 4.0 (గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ లాంటివి కలిసే దారి) వేగం కోసం అది ముందు తరాల చిప్‌సెట్‌ల కంటే ఎక్కువ విద్యుత్తు తీసుకుంటుంది, అందుకే చాలా బోర్డుల మీద చిన్న ఫ్యాన్‌తో వచ్చింది. 2021లో ఫ్యాన్ లేకుండా ఎక్స్570ఎస్ బోర్డులు వచ్చాయి. నా రెండో సిస్టమ్ ఎక్స్570దే. దాని ఫ్యాన్ రెండేళ్ళకు గ్రానైట్ పొడితో గరగరలాడసాగింది, ఆ ఆకారం ఫ్యాన్ బయట దొరకలేదు. నేను చేసినవి రెండు. వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీని చిప్‌సెట్‌కు కలిసే స్లాటు నుంచి తీసి, నేరుగా ప్రాసెసర్‌కు కలిసే పై స్లాటులో పెట్టాను, దానితో చిప్‌సెట్ గుండా పోయే రద్దీ తగ్గింది. క్యాబినెట్ అడుగున గ్రాఫిక్స్ కార్డు కిందికి గాలి కొట్టేలా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి పెట్టి, దానికి సన్నటి జాలీ బిగించాను. చిప్‌సెట్ ఫ్యాన్ ఇప్పుడు చాలా సమయం ఆగే ఉంటోంది.

పొడి తుడిచే పని మాత్రం ఏ కూలర్ పెట్టినా తప్పదు. ఒంగోలు గాలిలోని తేమ, గ్రానైట్ పొడి కలిసి రేకుల మొదట్లో గట్టి పొరలా కడుతుంది, బ్లోయర్‌తో ఊదితే పోదు. నెలకొకసారి మెత్తటి పెయింటు బ్రష్షుతో విదిలించి, ఆ తరువాత ఊదుతాను. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే బ్లోయర్ గాలికి అది తన శక్తికి మించిన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది.

ప్రస్తుతం పాత సిస్టమ్‌ను ఏప్రిల్ నుంచి బస్ 360, నార్త్‌బ్రిడ్జ్ వోల్టేజి 1.35 దగ్గర పెడుతున్నాను. 3.24 గిగాహెర్ట్జ్ వస్తుంది, గది 39 ఉన్న రోజున కూడా 54 దాటలేదు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక మళ్ళీ 400కు పెంచుతాను. పోయిన వేసవి నుంచి ఈ వేసవి దాకా తొమ్మిది వందల నెగటివ్‌లు స్కాన్ అయ్యాయి, మధ్యలో ఒక్కసారి కూడా తెర బిగుసుకుపోలేదు.